బొమ్మకు తగలని దెబ్బ

నిదానం పరిగెత్తగా చూసినవాళ్లు లేరు. బస్సు కదిలిపోతున్నా ఆయన నడిచే వెళ్తాడు, అది పోతే తర్వాతిది ఎక్కుతాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనబడదు. పోలీసు స్టేషన్లలోనూ, కోర్టు వరండాల్లోనూ, ఆఖరికి అత్తవారింట్లోనూ ఆయన నిదానమే. ప్రైవేటు డిటెక్టివుగా ఇన్నేళ్లూ ఆ నడకతోనే నెట్టుకొచ్చాడు. తొందరపడేవాళ్లు వదిలేసినవి ఏరుకుంటే చాలు, తన పొయ్యి వెలుగుతుందని ఆయన ధీమా.

ఆ ఉదయం ఆయనకు ఎదురుగా కూర్చున్న అమ్మాయికి మాత్రం అంత తీరిక లేదు. మధ్యాహ్నం ఆమెను కోర్టులో హాజరుపరుస్తారు. ఒక మనిషి చావుకు కారణమైందనీ, ఆ సంగతి కప్పిపుచ్చిందనీ ఆరోపణ. నరాల జబ్బులకు కోత లేకుండా వైద్యం చేసే కేంద్రంలో ఆమె మెషీన్ ఆపరేటరు. చనిపోయింది చేతుల వణుకుతో అక్కడికి వెళ్లిన ఒక డ్రాయింగు మాస్టారు. తలుపు దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్న ఇన్‌స్పెక్టరు దృష్టిలో కేసు ముగిసిపోయింది. అతను నిదానానికి స్వయానా బావమరిది కాబట్టి ఈ కాసేపైనా మాట్లాడనిచ్చాడు.

"నాకు ఓనమాలు కూడా రావనుకుని చెప్పమ్మా," అన్నాడు నిదానం. "మీ మెషీన్ ఏం చేస్తుంది?"

ఆ అమ్మాయి ఏడ్చి ఏడ్చి ఆగిపోయినట్టుంది. గొంతు పొడిగా ఉంది.

"మెదడులో ఒక చిన్న నరాల ముడి ఉంటుందండీ. అది గాడి తప్పితే చెయ్యి వణుకుతుంది. పూర్వం పుర్రెకి రంధ్రం చేసి లోపలికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు కోత లేదు. తల కదలకుండా ఫ్రేము బిగించి, పైన పెద్ద టోపీలాంటిది పెడతాం. అందులోంచి చుట్టూ వెయ్యి వైపుల నుంచి శబ్దతరంగాలు లోపలికి వెళ్తాయి. చెవికి వినబడని శబ్దం. ఒక్కోటీ ఏమీ చెయ్యదు. అన్నీ కలిసిన చోట మాత్రం వేడి పుడుతుంది. ఆ ముడి కాలిపోతుంది, వణుకు ఆగిపోతుంది."

"మనిషికి మత్తు ఇస్తారా?"

"లేదండీ, మెలకువగానే ఉంటారు. ఒక్కో దెబ్బకీ మధ్య పెన్ను ఇచ్చి గీతలు గీయిస్తాం. వణుకు తగ్గుతోందో లేదో అలాగే తెలుస్తుంది."

"దెబ్బా?"

"మేమంతా అలాగే అంటామండీ."

"మధ్యలో ఏమైనా అయితే?"

"చేతిలో బటన్ పెడతాం. ఏమాత్రం తేడాగా ఉన్నా నొక్కెయ్యండి అని ముందే చెప్తాం. నొక్కితే మెషీన్ ఆగిపోతుంది. మాకు నేర్పే మొదటి పాఠం అదే."

"ఏ చేతిలో?"

ఇన్‌స్పెక్టరు గట్టిగా నిట్టూర్చాడు. నిదానం అటు చూడలేదు.

"వైద్యం చేసే చెయ్యి గీతలు గీయాలి కదండీ. అందుకని రెండో చేతిలో. జారిపోకుండా ప్లాస్టరు చుడతాం. మాస్టారికి వైద్యం కుడి చేతికి. బటన్ ఎడమ చేతికి కట్టాను. నేనే కట్టాను."

"తర్వాత?"

"బాగా కుదిరిందండీ. ఆఖరి గీత ఆయనే చూసి నవ్వారు. పెద్ద డాక్టరుగారూ, చిన్న డాక్టరుగారూ ఇద్దరూ ఉన్నారు. ఫ్రేము మేం విప్పుతాంలే, నువ్వెళ్లి వాళ్లావిడకి చెప్పు అన్నారు. వెళ్లి చెప్పాను. ఆవిడకి కాళ్లు తేలిపోతే మంచినీళ్లిచ్చి పక్కనే కూర్చున్నాను. అంతే."

"ఇంకొక్క మాట. ఆ రోజు అంతకుముందు మెషీన్ ఇంకేం చేసింది?"

"రోజూ పొద్దున్నే బొమ్మ మీద పరీక్ష చేస్తాం. జెల్లీతో చేసిన తలకాయండీ, రోజుకొకటి కొత్తది. దెబ్బ ఎక్కడ తగిలితే అక్కడ తెల్లగా అవుతుంది. అదీ ఒక్కసారే చేశాను."

"క్లాసు అయిందా బావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జీపు ఎక్కాక అతనే మొదలుపెట్టాడు. "చూడు బావా. మాస్టారి తల స్కానింగులో రెండు మచ్చలున్నాయి. కుడి చేతిని ఆడించే ముడి మెదడులో ఎడమవైపు ఉంటుంది, అక్కడొకటి. అది సరైనదే. కుడివైపు కూడా ఒకటుంది. అదే ప్రాణం తీసింది. ఆ పిల్ల కుడి ఎడమలు తారుమారు చేసింది. పుండొకచోట, మందొకచోట. తప్పు తెలిశాక సరైన వైపు కొట్టి, మొదటిదాన్ని రికార్డులోంచి లేపేసింది."

"మెషీన్ లెక్క ఏమంటోంది?"

"ఆ రోజు బొమ్మ మీద రెండు పరీక్షలు, మనిషి మీద ఒక వైద్యం. మా నిపుణుడు చూసి చెప్పాడు. బొమ్మని ఎన్నిసార్లు కొడితే మనకేంటి?"

నిదానం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బావమరిది తొందర దేనికో ఆయనకు తెలుసు. అత్తయ్యకు ఎనిమిదేళ్లుగా రెండు చేతులూ వణుకుతున్నాయి. ఇదే కేంద్రంలో వంతు వచ్చే వేళకు మాస్టారు పోయారు, కింది గదికి సీలు పడింది. పై అంతస్తులోని రెండో మెషీన్ వాడుకోవచ్చని పొద్దున సంతకం చేసింది ఈ కొడుకే. ఆపరేటరు తప్పు చేసిందంటే మెషీన్ మంచిదే, డాక్టర్లూ మంచివాళ్లే. అమ్మ నిశ్చింతగా పడుకోవచ్చు.

"నీకు కావలసిన నిజాన్నే వెతుక్కున్నావురా," అన్నాడు నిదానం.

"ఇంటి అల్లుడివని ఊరుకుంటున్నాను బావా. నువ్వు నా కేసు చెడగొట్టినా ఫరవాలేదు. అమ్మ వైద్యం మాత్రం ఆపకు. గరిట పట్టుకోలేక, ఎవరూ చూడకుండా వంటింట్లో ఏడుస్తుంది. నీకు తెలుసు కదా."

తెలుసు.

*

కేంద్రం హాల్లో అడుగు పెట్టగానే పెద్ద డాక్టరు ఎదురయ్యాడు. తెల్లజుట్టు, చేతిలో బెత్తం ఒక్కటే తక్కువైన హెడ్మాస్టరు వాలకం. నిదానాన్ని కింది నుంచి పై దాకా చూశాడు.

"పోలీసులకి చెప్పాల్సింది చెప్పాను. ప్రైవేటు వాళ్లకి నా దగ్గర టైము లేదు."

"దెబ్బ అయ్యాక మీరు ఎక్కడున్నారో చెబితే వెళ్లిపోతాను."

"మా అల్లుడూ నేనూ కలిసే ఉన్నాం. కలిసే ఫ్రేము విప్పాం. రాసిచ్చాను కదా." అంటూనే తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

అల్లుడంటే చిన్న డాక్టరు. అతను చూడ్డానికి నోట్లో నాలుక లేనివాడు. మామగారి కోపానికి తనే క్షమాపణ చెప్పి, నిదానాన్ని పై అంతస్తుకు తీసుకెళ్లాడు. అక్కడ మంచం మీద అత్తయ్య కూర్చుని ఉంది, నున్నగా గొరిగిన తలతో. వెంట్రుకలుంటే వాటి మధ్య గాలి బుడగలు చిక్కుకుని శబ్దం సరిగ్గా లోపలికి పోదట, అందుకని ఇక్కడ ఎవరికైనా గుండు తప్పదు.

"ఎలా ఉంది బాబూ?" అంది ఆవిడ తల తడుముకుంటూ. "మీ పక్కన నిలబడితే అక్కాతమ్ముళ్లం అనుకుంటారు."

నిదానం తన బట్టతల మీద చెయ్యి వేసుకున్నాడు. "నాది ఖర్చు లేకుండా వచ్చింది అత్తయ్యా."

ఆవిడ నవ్వింది. నవ్వుతుంటే ఒళ్లో చేతులు రెండూ గాలికి ఆకుల్లా కదులుతూనే ఉన్నాయి. ఒకప్పుడు ఆ చేతులే కుట్టుమిషన్ మీద రవికలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచి పెద్దచేశాయి. ఆవిడ కళ్లు అల్లుడి చొక్కా మీద, వేలాడుతున్న గుండీ దగ్గర ఆగాయి.

"అది మా అమ్మాయి చేత కుట్టించకండి. రేపు నేనే కుడతాను. ఎనిమిదేళ్లయింది సూదిలో దారం ఎక్కించి. ఒక చేత్తో సూది, ఒక చేత్తో దారం. పక్కింటావిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ ఎక్కిస్తాను. ఏం బాబూ, ఎక్కించలేనా?" అని చిన్న డాక్టరు వైపు చూసింది.

"ఎక్కిస్తారమ్మా," అన్నాడతను మెత్తగా. "తప్పకుండా ఎక్కిస్తారు."

"బంగారం లాంటి పిల్లాడు," అంది అత్తయ్య.

ఇంత ఆశ పెట్టుకున్న మనిషికి 'ఇవాళ వద్దు' అని ఎలా చెప్పాలి, చెప్పడానికి తన దగ్గర అనుమానం తప్ప ఏముంది అనుకుంటూ నిదానం మెట్లు దిగాడు.

కింద హాల్లో ఒక మూల మాస్టారి భార్య కూర్చుని ఉంది. భర్త కళ్లజోడు, చెప్పులు ఇక్కడే ఉండిపోయాయట, తీసుకెళ్లడానికి వచ్చింది. చెప్పులు సంచిలో పెట్టి, కళ్లజోడు మాత్రం చేతిలోనే పట్టుకుంది. నిదానం పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మీరూ పోలీసులేనా?" అందావిడే.

"కాదమ్మా. ఆ ఆపరేటరు అమ్మాయి తరఫున వచ్చాను."

"ఆ పిల్ల చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. నా పక్కనే కూర్చుంది. నాకు అట్టముక్కతో గాలి విసిరింది కూడా. ఆయన బయటికొచ్చేదాకా కదల్లేదు."

"మాస్టారు రావడానికి చాలాసేపు పట్టిందా?"

"నేను కంగారు పడేంత. ఫ్రేము విప్పడానికి అయిదు నిమిషాలు చాలని ఆ పిల్లే అంది. ఎంతకీ రాకపోతే తనూ లేచి వెళ్లి చూడబోయింది. తలుపు గడియ వేసి ఉందని తిరిగొచ్చేసింది."

"ఇది పోలీసులకి చెప్పారా?"

"ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి ఎలాంటిదని అడిగారు. మంచిదే అన్నాను. రాసుకోలేదు."

నిదానం తల వంచుకున్నాడు. "ఆ రోజు బయటికొచ్చాక మాస్టారు ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు, పండగే. సాయంత్రం గదిలోకి టీ తెచ్చి ఇచ్చారు. మా ఇంట్లో ఆయన టీ తాగితే పక్క గదికి వినబడేది, సాసరు మీద కప్పు టకటకలాడేది. ఆ పూట ఎడమ చేతిలో సాసరు, కుడి చేతిలో కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. చప్పుడే లేదు. నేను కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నాను." ఆవిడ చేతిలోని కళ్లజోడు మడిచింది. "రాత్రికి మాట తడబడింది. తెల్లవారేసరికి నన్ను గుర్తుపట్టలేదు."

నిదానం లేచి నిలబడి ఆవిడకు చేతులు జోడించాడు. ఆవిడ తన దుఃఖానికి అనుకుంది. ఆయన జోడించింది ఆ సాసరుకు కూడా.

*

సీలు తీసే ముందు ఇన్‌స్పెక్టరు పిస్తోలు, బెల్టు, తాళాలు విప్పి బయట కానిస్టేబులుకు ఇచ్చాడు. లోపల తల స్కానింగు కోసం పెట్టింది పెద్ద అయస్కాంతం. ఇనుము ఏదైనా తీసుకెళ్తే గుంజేసుకుంటుంది. బెల్టు లేని పంట్లాం ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డ బావమరిదిని చూసి నిదానం నవ్వాపుకున్నాడు. చిన్న డాక్టరు ముందు నడిచి లైట్లు వేశాడు.

గది మధ్య సన్నటి బల్ల. దాని తలవైపు, గుండ్రటి సొరంగం నోట్లో, బోర్లించిన గిన్నెలాంటి టోపీ. బల్లకు రెండు పక్కలా చేతులు ఆనించుకునే కడ్డీలు. బల్ల కింద నుంచి ఒక తెల్లటి తీగ వచ్చి పడుకున్నవాళ్ల కుడివైపు కడ్డీ కొక్కేనికి చుట్టుకుని ఉంది. దాని చివర బటన్, బటన్‌కు ఒక ప్లాస్టరు ముక్క ఇంకా అతుక్కునే ఉంది. నిదానం బల్ల చుట్టూ ఒకసారి తిరిగి దాని ముందు ఆగాడు.

"కాళ్లకి అడ్డం వస్తుందండీ," అంటూ చిన్న డాక్టరు వంగి తీగ మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి," అన్నాడు నిదానం.

చిన్న డాక్టరు చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వాడు. "అలవాటండీ. గది సర్ది లేకపోతే నాకు తోచదు." తర్వాత గోడ గడియారం చూశాడు. "పైన అమ్మకి ఫ్రేము బిగించాలి. మామగారు వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉండాలి. మీరు చూస్తూ ఉండండి."

అతను వెళ్లాక నిదానం చాలాసేపు గదంతా తీరిగ్గా చూసి, ఆఖరికి గోడవారన ఉన్న చెక్క బీరువా తెరిచాడు. పై అరలో ట్రే, ట్రేలో అద్దంలా మెరుస్తున్న జెల్లీ తలకాయ. లైటుకు ఎదురుగా పట్టుకుని ఎటు తిప్పినా అందులో ఒక్కటే తెల్లమచ్చ కనిపిస్తోంది, బియ్యపు గింజంత.

"రేయ్, ఈ గదికి ఎప్పుడు సీలు వేశావు?"

"మాస్టారికి ఒంట్లో బాగోలేదనగానే వీళ్లే తాళం వేశారు. తెల్లారి నేను సీలు వేశాను. ఆ రోజు ఆయనొక్కడే పేషెంటు. తర్వాత ఎవరూ రాలేదు."

"అయితే పెద్ద డాక్టరుని పిలిపించు. నువ్వు పిలిస్తే వస్తాడు."

కానిస్టేబులు వెళ్లాడు. ఇన్‌స్పెక్టరుకు ఓపిక నశించింది. "అసలు నువ్వేం తేల్చావు బావా? ఓ తీగ చూశావు, ఓ బొమ్మ చూశావు."

"ఆ పిల్ల కుడి ఎడమలు పొరపాటు పడిందన్నావు. సరే. పొరపాటు పడిన మనిషి తను కుడి చేతికే వైద్యం చేస్తున్నాననుకుంటుంది. అప్పుడు బటన్ ఏ చేతికి కడుతుంది?"

"ఎడమ చేతికి."

"పొరపాటు దిద్దుకుని సరిగ్గా కొట్టేటప్పుడు?"

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. "అప్పుడూ ఎడమ చేతికే."

"మరి అది కుడి పక్కన ఎందుకుంది?"

"ఊడ్చేవాడు జరిపి ఉంటాడు."

"ఊడ్చేవాడు జరిపి ప్లాస్టరు కూడా చుట్టాడా? పప్పులో కాలేశావురా. ఈ బల్ల మీద ఆఖరిసారి పడుకున్న మనిషి ఎడమ చేత్తో గీతలు గీశాడు. ఎవరో కావాలనే ఎడమ చేతికి వైద్యం చేశారు. మాస్టారి భార్యని అడుగు, సాయంత్రానికి ఆయన ఎడమ చేతిలో సాసరు కూడా కదల్లేదు. అది పొరపాటు దెబ్బ కాదు, గురి చూసి కొట్టిన దెబ్బ. కొట్టేవేళకి ఆపరేటరు బయట ఆవిడకి విసురుతోంది."

"దెబ్బ కొడితే మెషీన్‌లో ఉండాలి కదా. మనిషి మీద ఒక్కటే అని ఉంది."

"బొమ్మ మీద రెండని కూడా ఉంది. నువ్వే చెప్పావు." నిదానం జెల్లీ తలకాయను బావమరిది ముఖం ముందు పెట్టాడు. "లెక్కపెట్టు."

ఇన్‌స్పెక్టరు పంట్లాం వదిలేసి రెండు చేతులతో బొమ్మను అందుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మళ్లీ పంట్లాం పట్టుకోవాల్సి వచ్చింది. ఈసారి నిదానానికి నవ్వు రాలేదు.

"రెండో దెబ్బ బొమ్మకి తగల్లేదు," అన్నాడు. "బొమ్మ పేరు పెట్టి మనిషిని కొట్టారు."

"ఏమిటీ వేళాకోళం?" పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పైన పేషెంటు ఎదురుచూస్తుంటే నన్ను బొమ్మలాటకి పిలిపిస్తారా?"

"రెండో చేతికి కూడా అదే రోజు చేస్తే ఏమవుతుంది డాక్టరుగారూ?"

ఆయన ముఖం గట్టిపడింది. "చేయకూడదు. రెండు వైపులా ఒకేసారి కాలిస్తే మాట పోవచ్చు, నడక పోవచ్చు. వాపు వస్తే ప్రాణమే పోవచ్చు. నెలలు గడవాలి, మనిషి తట్టుకున్నాడో లేదో చూడాలి. మాస్టారు ఎంత బతిమాలాడో. రెండు చేతులుంటేనే బొమ్మ వేయగలను అన్నాడు. కుదరదని ముఖం మీదే చెప్పాను."

"మీరు చెప్పారు. కానీ చేశారు."

"నేనా?"

"ఈ గదిలో ఉన్నది మామా అల్లుళ్లు ఇద్దరే. కలిసే ఉన్నామని రాసిచ్చారు. కలిసే ఉంటే ఇద్దరూ కలిసే చేశారు."

పెద్ద డాక్టరు నోరు తెరిచాడు. తేలు కుట్టిన దొంగలా మళ్లీ మూసుకున్నాడు. ఆయన చూపు బల్ల మీదికి, కుడివైపు కొక్కేనికి, ప్లాస్టరు ముక్కకు వెళ్లింది. ఇన్నేళ్లుగా ఆ గదిలో తిరిగిన మనిషికి వేరే ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. గోడ పట్టుకున్నాడు.

"నేను లేను," అన్నాడు. కోపమంతా దిగిపోయి గొంతు ముసలిదైపోయింది. "ఫోనొస్తే నా గదికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫ్రేము విప్పేసి ఉంది. మాస్టారు పోయాక అల్లుడే అన్నాడు, విడివిడిగా ఉన్నామంటే పోలీసులు అనవసరంగా తిప్పుతారు, కలిసే ఉన్నామందాం అని. పిల్లనిచ్చిన వాణ్ణి. నిజమే కదా అనుకున్నాను."

"ఎందుకు చేస్తాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆయనకి ఏం లాభం?"

"వాడి వాదం అది. రెండు చేతులకీ ఒకేరోజు చేయొచ్చంటాడు. ముసలాడివి, భయపడతావు అంటాడు నన్ను. మాస్టారు పోయిన రోజు కూడా..." ఆయన ఆగిపోయాడు.

"చెప్పండి."

"ఒకరికి తేడా వస్తే పద్ధతి తప్పని కాదు మామయ్యా, ఇంకొక్కరికి చేసి చూపిస్తే అందరి నోళ్లూ మూతపడతాయి అన్నాడు. నేను పడ్డ బాధలో పట్టించుకోలేదు."

గదిలో మెషీన్ ఒకటే గుసగుసలాడుతోంది. నిదానం తన చొక్కాకు వేలాడుతున్న గుండీని అప్రయత్నంగా పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"డాక్టరుగారూ, మా అత్తయ్యకి ఇవాళ మీరు వైద్యం చేస్తానన్నది ఏ చేతికి?"

"కుడి చేతికి. ఒక్కదానికే."

"ఎడమ చెయ్యి వణుకుతూనే ఉంటుంది కదా?"

"ఉంటుంది. మరో ఏడాది దాకా."

"వణికే చేత్తో సూది పట్టుకుంటే దారం ఎక్కుతుందా?"

పెద్ద డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరుకూ కాలేదు. నిదానానికి మాత్రం పై గదిలోని మాట చెవిలో మోగింది. ఒక చేత్తో సూది, ఒక చేత్తో దారం. కుట్టుపని చేసి బతికిన మనిషి ఆ మాట ఊరికే అనదు. రెండు చేతులూ బాగవుతాయని ఎవరో ఆమెకు మాటిచ్చారు. తప్పకుండా ఎక్కిస్తారమ్మా అన్నవాడే ఇచ్చాడు. అడ్డుపడగల ఒకే ఒక్క మనిషిని కిందికి పిలిపించింది తనే.

నిదానం పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. బావ పరిగెత్తడమే అతనికి అన్నీ చెప్పేసింది. కానిస్టేబులు చేతిలోంచి పిస్తోలు లాక్కుని వెనకే వచ్చాడు. మెట్ల మీద నిదానం ఒకసారి మోకాలు కొట్టుకుని పడ్డాడు, లేచి మళ్లీ పరిగెత్తాడు. పై వరండా చివర మెషీన్ గది. లోపలి నుంచి గడియ పడి ఉంది. తలుపులో చదరపు అద్దం ఉంది.

అద్దంలోంచి మొదట చిన్న డాక్టరు వీపు కనబడింది. మైకు ముందు కూర్చుని ఉన్నాడు. అతని ఎదుట ఇంకో పెద్ద అద్దం, దాని అవతల బల్ల మీద అత్తయ్య. తలకు ఫ్రేము, ఫ్రేముకు టోపీ. తల అంగుళం కూడా తిప్పే వీలు లేదు, వీళ్లను చూసే వీలూ లేదు. కుడి మణికట్టుకు ప్లాస్టరు చుట్టి ఉంది, కుడి గుప్పిట్లో బటన్ ఉంది. ఎడమ చేతిలో పెన్ను. ఆ ఎడమ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. పక్కనున్న కాగితం మీద మాత్రం ఒక చక్కటి గీత కనిపించింది, కుడి చేత్తో గీసింది. మొదటి దెబ్బ అయిపోయింది.

నిదానం తలుపు బాదాడు. చిన్న డాక్టరు తల తిప్పి చూశాడు. ఆ చూపులో భయం లేదు, విసుగూ లేదు. పని మధ్యలో పిల్లలు అల్లరి చేస్తే పెద్దవాళ్లు చూసినట్టు చూసి, మళ్లీ అటు తిరిగాడు.

"జరుగు బావా." ఇన్‌స్పెక్టరు పిస్తోలు గడియకు గురిపెట్టాడు.

నిదానం ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి వంచాడు. "ఎదురుగా అద్దం ఉందిరా. దాని అవతల మీ అమ్మ ఉంది."

"మరేం చెయ్యమంటావు?"

"కరెంటు ఎక్కడ తీస్తారో పెద్దాయన్ని అడుగు. పరిగెత్తు."

బావమరిది వెళ్లాడు. నిదానం అద్దానికి ముఖం ఆనించి, అత్తయ్యా, నొక్కండి అని అరిచాడు. ఆ అరుపు తలుపు దాటలేదు. లోపలి మైకు మాట మాత్రం వరండాలోని స్పీకరులోంచి హాయిగా, మెత్తగా వినిపించింది.

"ఇంకొక్కటే అమ్మా. దీంతో మీకు రెండో చెయ్యి కూడా వచ్చేస్తుంది. తల కాస్త వేడెక్కుతుంది, కళ్లు తిరుగుతాయి. ఏం కాదు. బటన్ మాత్రం నొక్కకండి."

అద్దాల అవతల, చెప్పిన మాట వినే పిల్లలా, అత్తయ్య బొటనవేలిని బటన్ మీది నుంచి తీసి పక్కన పెట్టుకుంది.